కుండల పుస్తకం కొనబోతే... పాత కూర్పా, కొత్త కూర్పా?

(మా గ్రామీణ విలేకరి)

మెట్టుగూడ: ఎరువు బస్తా కొనేటప్పుడు తయారైన తేదీ చూస్తాము. విత్తనాల సంచి మీద గడువు చూస్తాము. పుస్తకం కొనేటప్పుడు మాత్రం అట్ట చూసి, వెల అడిగి, నాలుగు మాటలు బేరమాడి తెచ్చుకుంటాము. లోపలి పుట వెనుక ఏ సంవత్సరం వేసి ఉందో చూసేవారు తక్కువ. ఒక కుమ్మరి కుటుంబం తరఫున కుండల పుస్తకం కొనడానికి గత వేసవిలో మెట్టుగూడ వెళ్లిన ఈ విలేకరికి ఆ అంకె ఎంత ముఖ్యమో అక్కడే తెలిసివచ్చింది.

సంగతి ఇది. మా ప్రాంతంలో ఐరేని కుండలు, బోనాల కుండలు, రంజన్లు, ప్రమిదలు చేసే కుటుంబం ఒకటి ఉంది. పెద్దాయనకు డెబ్బయి దాటాయి. కొడుకు డిగ్రీ చదివి, ఉద్యోగం కోసం మూడేళ్లు తిరిగి, చివరికి సారె దగ్గరికే వచ్చాడు. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2018లో కుమ్మరుల కోసం పథకం మొదలుపెట్టిన తరువాత కరెంటు సారెలు పల్లెల్లోకి రావడం పెరిగింది. వీరింట్లోనూ ఒకటి తిరుగుతున్నది. కాని సారె వేగం పెరిగినంత మాత్రాన కొనేవాడు పెరగడు గదా! ప్రమిదలకు దీపావళి, రంజన్లకు ఎండాకాలం, ఐరేని కుండలకు పెళ్లిళ్లు. మిగిలిన నెలల్లో సారె మీద దుమ్ము పడుతుంది.

అందుకని కొడుకుకు ఒక ఆలోచన వచ్చింది. మట్టి జాడీకి గాజు పూత పూసి కాలిస్తే నూనె పీల్చదు, ఉప్పు పైకి ఉబకదు. ఊరగాయ జాడీగా అమ్మవచ్చు. ఎవరో ఇచ్చిన జిరాక్సు కాగితం ఒకటి అతని దగ్గర ఉంది. ఏదో పాత ఇంగ్లీషు పుస్తకంలోని పుట అది. పూతకు ఏ పొడి ఎన్ని పాళ్లు కలపాలో అందులో వరసగా వేసి ఉంది. అన్నిటికన్నా పైన ఉన్న పేరు ‘రెడ్ లెడ్’. తక్కువ వేడికే కరిగి అద్దంలా మెరుస్తుందని రాసి ఉంది. మన ఆవంలో పుట్టే వేడి తక్కువే కాబట్టి ఇది కుదురుతుందని అతనికి తోచింది. ఆ పుట ఏ పుస్తకంలోదో తెలుసుకుని పుస్తకం మొత్తం తెప్పించుకోవాలన్నది అతని కోరిక. జాడీలు అమ్మితే వచ్చే డబ్బు లెక్క కూడా వేసి పెట్టుకున్నాడు. నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చునని, పట్నంలో మేనల్లుడు ఉన్నాడని ఆ పని నా మీద పడింది.

మేనల్లుడు ఉస్మానియాలో రసాయన శాస్త్రం ఎం.ఎస్సీ. చదువుతూ మెట్టుగూడలో గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. రైల్వే క్వార్టర్లు, చెట్ల నీడలు, నెత్తిన మెట్రో రైలు. ఆ లైను 2017 నవంబరులో మొదలయింది. మెట్టుగూడ దాటితే తరువాతి స్టేషను తార్నాకే. అక్కడి నుంచి క్యాంపస్ నడకదూరం. పుస్తకం పేరు చెబితే చాలు, ఈ చుట్టుపక్కల ఎవరో ఒకరు దారి చూపుతారని నా ధీమా.

జిరాక్సు కాగితం చూడగానే మేనల్లుడి ముఖం మారింది. ‘‘మామా, రెడ్ లెడ్ అంటే ఏందో ఎరుకేనా? సీసం. మనోళ్లు సింధూరం అంటరు సూడు, సీసంతోని చేసేది, గదే. దీన్ని పూసిన జాడీల ఆవకాయ పెడ్తరా?’’ అన్నాడు.

పులుపు తగిలితే...

అతను చెప్పినదీ, తరువాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదీ పాఠకుల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇసుక కరిగితే గాజు అవుతుంది. కాని ఉత్త ఇసుక కరగాలంటే 1700 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి కుమ్మరి దగ్గర ఎక్కడిది? అందుకని దానిని తక్కువ వేడికే కరిగించే మరో పదార్థం కలుపుతారు. సీసం ఆ పనిని బ్రహ్మాండంగా చేస్తుంది. పూత నునుపుగా వస్తుంది, రంగులు నిండుగా తేలుతాయి. వందల ఏళ్లుగా అనేక దేశాల కుమ్మరులు సీసం వాడటానికి కారణం ఇదే.

తంటా అంతా పులుపుతో వస్తుంది. చింతపండు, నిమ్మరసం, పెరుగు, మామిడికాయ... వీటిలోని ఆమ్లం పూతలోని సీసాన్ని కొంచెం కొంచెంగా కరిగించి తిండిలోకి లాగుతుంది. పచ్చ రంగు కోసం రాగి పొడి కలిపారో, సీసం ఇంకా ఎక్కువగా కరుగుతుంది. ఇలా కడుపులోకి వెళ్లిన సీసం ఒంట్లోనే ఉండిపోయి ఎముకల్లో చేరుతుంది. కడుపునొప్పి, రక్తహీనత, నరాల నీరసం కలుగుతాయి. పసిపిల్లల మెదడుకు జరిగే హాని మళ్లీ బాగుపడదు. రక్తంలో ఇంత వరకు ఉంటే భయం లేదని చెప్పగలిగే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. ఇది తినేవారి సంగతి. ఇక పూత పొడి నూరేవారు, కలిపేవారు, ఆవం దగ్గర ఆ పొగ పీల్చేవారు అందరికన్నా ముందు దెబ్బ తింటారు. అంటే కుమ్మరి, అతని భార్య, ఆవం పక్కన ఆడుకునే పిల్లలు.

అయితే పుస్తకంలో ఎందుకు రాశారు? వాళ్లకు తెలియదా? తెలుసు. సీసం విషమని పాతవారికీ తెలుసు. కాని ఎంత సీసం ఎంత హాని చేస్తుందన్న లెక్క కాలంతోపాటు మారుతూ వచ్చింది. ఇంగ్లీషు కుమ్మరి బెర్నార్డ్ లీచ్ రాసిన ‘ఎ పాటర్స్ బుక్’ 1940లో వెలువడింది. కుండలు చేసేవారిలో అంత పేరున్న పుస్తకం మరొకటి ఉండదేమో. అందులో సీసం పూతల ముచ్చట ఉంది. బ్రిటన్ ప్రభుత్వం 1947లో తెచ్చిన నిబంధనలతో అక్కడి కుండల కార్ఖానాలలో ముడి సీసం పూతకు కాలం చెల్లింది. పుస్తకం వచ్చి అప్పటికి ఏడేళ్లే. కార్ఖానాలో పనివాడికి వద్దన్న పదార్థమే పుస్తకంలో మాత్రం అలాగే నిలిచి, ముద్రణ తరువాత ముద్రణగా దేశాలు తిరిగింది. పుస్తకం తప్పు కాదిది. అది తన కాలం మాట చెప్పింది. ఏ కాలం మాటో చూసుకోవలసింది కొనేవాడే.

ఐరోపా దేశాలు 1984లో ఉమ్మడిగా ఒక హద్దు పెట్టుకున్నాయి. తినే పాత్రలో నాలుగు శాతం వెనిగర్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచి, ఆ నీటిలోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు. మామూలు గిన్నెలకు లీటరుకు 4 మిల్లీగ్రాములు, వంటకు వాడేవాటికి 1.5 మిల్లీగ్రాములు దాటరాదు. ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది. వాళ్ల పరీక్ష ఒక్క రోజు. మన ఆవకాయ జాడీలో ఉండేది ఏడాది! ఉప్పు, పులుపు, నూనె, ఎండాకాలపు వేడి అన్నీ కలిసి. ఆ పరీక్షలో నెగ్గిన జాడీ అయినా మన అటక మీద ఏడాది కూర్చుంటే ఎట్లా ఉంటుందో! మన ఇంటి జాడీకి సీసం అసలే వద్దని అనుకోవడమే నయమనిపించింది.

కూర్పు వేరు, ముద్రణ వేరు

ఇంతకూ ఏ పుస్తకం కొనాలి? మేనల్లుడి స్నేహితుల్లో ఒకరికి తెలిసిన పెద్దమనిషి చెప్పిన పేరు ‘ది పాటర్స్ డిక్షనరీ ఆఫ్ మెటీరియల్స్ అండ్ టెక్నిక్స్’. ఫ్రాంక్ హేమర్ అనే ఆయన 1975లో తెచ్చిన నిఘంటువు ఇది. తరువాతి కూర్పులకు భార్య జానెట్ హేమర్ పేరు కూడా చేరింది. 1986, 1991, 1997, 2004... ఇలా మారుతూ వచ్చింది. కథలా మొదటి నుంచి చదివే పుస్తకం కాదు. కుండ ఎందుకు పగిలింది, పూత ఎందుకు లేచిపోయింది, ఫలానా పొడి ఏమిటి అని అక్షరం పట్టుకుని వెతుక్కునే పుస్తకం. పల్లెలో మాస్టారు లేని కుర్రవాడికి ఇటువంటిదే పనికొస్తుందని ఆ పెద్దమనిషి అభిప్రాయం. నాకూ అదే సబబనిపించింది.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. మా అదృష్టమో ఏమో, మూడు గంటలు తిరిగాక దాని తొలి కూర్పు ఒకటి దొరికింది. అట్ట నలిగి ఉంది, లోపల బాగానే ఉంది. నాలుగు వందలు అన్నాడు. కొత్త కూర్పు అయితే వేలల్లో మాట. నా చేయి జేబులోకి వెళ్లింది కూడా. ‘‘ఆగు మామా’’ అని మేనల్లుడు ఆపాడు.

అక్కడే నిలబడి చాలాసేపు వాదించుకున్నాము. నా వాదం ఏమిటంటే, మన్ను మారుతుందా? నిప్పు మారుతుందా? 1975లో మన్ను ఎన్ని డిగ్రీలకు కాలిందో ఇప్పుడూ అంతే. నా మాటలో నిజం లేకపోలేదు. మన్నులోని ఇసుక రేణువు 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడికి వచ్చేసరికి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. ఆవం పూర్తిగా చల్లారకముందే తొందరపడి బూడిద లాగేస్తే కుండలు టప్పుమని చిట్లడానికి ఇది పెద్ద కారణం. మన్నులో సున్నపురాయి ముక్క ఉండిపోతే కాలినప్పుడు బాగానే ఉన్నట్టు కనబడుతుంది. నాలుగు రోజులయ్యాక గాలిలో తేమ పీల్చి ఉబ్బి, కుండ మీద పెచ్చు లేపుతుంది. వీటికి పాత కూర్పయినా కొత్త కూర్పయినా చెప్పేది ఒకటే. ఉత్త మట్టి కుండలు చేసేవారికి నాలుగు వందల పుస్తకం చాలు. ఆ మాటకొస్తే వారికి పుస్తకమే అక్కరలేదు. ఈ కారణాల పేర్లు తెలియకపోయినా ఆవం ఎప్పుడు తీయాలో వారి చేతులకు తెలుసు.

మేనల్లుడి వాదం పూత గురించి. 1975లో అచ్చయిన పుటలో 1984 హద్దు ఎట్లా ఉంటుంది? మన్ను మారకపోవచ్చు, విషం గురించిన లెక్క మారింది. పాత రోజుల పుస్తకాలు భట్టీ దగ్గర ఆస్బెస్టాస్ చేతితొడుగులు వేసుకోమనేవి. ఆ ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు ఎంత చేటో ఇప్పుడు లోకమంతటికీ తెలుసు. ఎండిన మన్ను, ఇసుక పొడి పీల్చినా ఊపిరితిత్తులు పాడవుతాయి. కనుక పొడిగా ఊడ్వవద్దు, తడిపి తుడవమంటారు. పూత పూసేవాడు కొత్తదే కొనాలి.

నాకు ఎదురు చెప్పడానికి మాట దొరకలేదు. నాలుగు వందలు జేబులోనే ఉండిపోయాయి.

పుస్తకం చూసి కొనేవారికి నేను నేర్చుకున్న చిన్న కిటుకులు చెబుతాను. పేరున్న పుట వెనుక సన్న అక్షరాలలో సంవత్సరాలు వరసగా ఉంటాయి. ‘ఎడిషన్’ అంటే కూర్పు, లోపలి సరుకు మార్చినది. ‘రీప్రింట్’ అంటే అదే సరుకును మళ్లీ అచ్చువేయడం. 1975 కూర్పును 1979లో మళ్లీ అచ్చువేస్తే అది 1975 మాటే. అట్ట కొత్తగా ఉందని మోసపోరాదు. ఇంకొకటి, ఇంగ్లండులో ఒక ప్రచురణకర్త, అమెరికాలో మరొకరు వేస్తారు. అట్టలు వేరు, కూర్పు ఒకటే కావచ్చు. పుస్తకం వెనుక ఉండే ఐ.ఎస్.బి.ఎన్. నంబరులో పది అంకెలే ఉంటే సాధారణంగా అది 2007కు ముందు అచ్చయినది. పదమూడు అంకెల పద్ధతి ఆ ఏడాది వచ్చింది.

వేడి లెక్కలోనూ ఒక తిరకాసు ఉంది. భట్టీలో ఎంత వేడి పుట్టిందో చూడటానికి చిన్న మట్టి శంకువులు పెడతారు. అది వంగితే అంత వేడి వచ్చినట్టు. అమెరికా శంకువుల నంబర్లు, ఐరోపా శంకువుల నంబర్లు అన్నిచోట్లా కలవవు. నంబరు చూసి కాల్చేవాడు పుస్తకం ఏ దేశపు లెక్క వాడిందో చూసుకోవాలి. డిగ్రీలు సెంటీగ్రేడా, ఫారెన్‌హీటా అన్నది సరేసరి. డేనియల్ రోడ్స్ అనే అమెరికన్ 1957లో రాసిన ‘క్లే అండ్ గ్లేజెస్ ఫర్ ది పాటర్’ కూడా మంచి పేరున్నదే. ఆయన 1973లో దానిని సవరించాడు, 2000లో మరొకరు మళ్లీ సవరించారు. అక్కడా ఇదే సూత్రం, చివరి కూర్పు వెతుక్కోవాలి.

మన మన్ను ముచ్చట

చివరికి 2004 కూర్పు ఒకటి, ఎవరో వాడినది, తార్నాకలో మేనల్లుడికి తెలిసినవారి ద్వారా సగం వెలకు దొరికింది. దానిని తెచ్చి పెద్దాయన ముందు పెట్టాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, బొమ్మలు చూస్తూ నెమ్మదిగా పుటలు తిప్పాడు. విదేశీ సారెల బొమ్మలు, భట్టీల బొమ్మలు. చివరికి అడిగాడు. ‘‘అంత మంచిగనే ఉన్నది బిడ్డా. గీ బుక్కుల మన మన్ను ముచ్చట యాడున్నది?’’

‘‘లేదు పెద్దయ్యా’’ అన్నాను.

నిజంగానే లేదు. అందులో రాళ్ల పేర్లు, మన్నుల పేర్లు ఇంగ్లండువి. మన దగ్గర వాటికి జోడీలు లేకపోలేదు. ఫెల్డ్‌స్పార్ రాయి అటు గూడూరు ప్రాంతంలో, ఇటు మహబూబ్‌నగర్ వైపు తవ్వుతున్నారు. జాడీలకు పనికొచ్చే బాల్ క్లే అనే జిగురు మన్ను ద్వారకా తిరుమల దగ్గర ఉంది. గూడూరులో పింగాణీ విద్య నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. కాని ఇంగ్లండు రాయికి రాసిన పాళ్లు మన రాయికి అచ్చంగా సరిపోవు. చిన్న చిన్న పలకల మీద పూసి, కాల్చి, చూసుకుంటూ పోవలసిందే. ఈ మాట ఏ కూర్పులో అయినా రాసి ఉండేదే, ఎవరూ చదవనిది కూడా.

పెద్దాయన ప్రశ్నకు సగం జవాబు మాత్రం మెట్టుగూడ పక్కనే దొరికింది. ఉస్మానియాలో చాలాకాలం భాషాశాస్త్రం చెప్పిన భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు నేల మీద రైతులు వాడే మాటలను ఊరూరా సేకరింపజేసి 1962లో వ్యవసాయ పదకోశం తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ దానిని వేసింది. మాండలిక వృత్తి పదకోశం అని ఆ వరసకు పేరు. తరువాత చేనేత మాటలు వచ్చాయి. కుమ్మరం మాటలను పోరంకి దక్షిణామూర్తి కూర్చారు. అకాడమీ 1983లో రద్దయింది. పుస్తకాలు గ్రంథాలయాల బీరువాల్లో మిగిలాయి. ఈ వరసలో కొన్ని ఇప్పుడు ఇంటర్నెట్టులోనూ చదువుకోవచ్చు. కుర్రవాళ్ల చేతిలో ఫోను ఉంటే చాలు.

ఇది పూత ఎట్లా పూయాలో నేర్పదు. ఏ జిల్లాలో కుమ్మరి దేనిని ఏమంటాడో చెబుతుంది. అయితే ఏమి? ఇంగ్లీషు పుస్తకంలో ఒక పనిముట్టు పేరు కనబడితే, తండ్రి దానిని ఏమంటాడో కొడుకుకు తెలియాలి గదా. ‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అని సామెత చెప్పుకుంటాము గాని, ఆ ఏడాది పొడుగునా కుమ్మరి వాడే మాటలు ఎన్నో మనకు తెలియవు. దీనికి మాత్రం పాత కూర్పా కొత్త కూర్పా అన్న ప్రశ్న లేదు. కంటబడితే కొనేయవలసిందే. ఇందులో మాట పాతదయిన కొద్దీ విలువ ఎక్కువ. విషం గురించి రాసిన పుస్తకానికి కొత్తదనం, మాటల పుస్తకానికి పాతదనం!

ఫోనులో దానిని చూపించి కొన్ని మాటలు చదివి వినిపించాను. కొన్నిటికి పెద్దాయన తల ఊపాడు. కొన్నిటికి ‘‘గట్ల మేమనం, కృష్ణకు ఆవలోళ్లు అంటరేమో’’ అన్నాడు. ఒక మాట దగ్గర చాలాసేపు ఆగి, అది తన తాత వాడేవాడని, తాను నలభై ఏళ్లుగా వినలేదని చెప్పాడు.

జిరాక్సు కాగితం ఆ రోజే పొయ్యిలోకి పోయింది. సీసం లేకుండా పూత కరిగించాలంటే వెలిగారం దారి ఒకటి ఉంది. అయితే వెలిగారం నీటిలో కరిగిపోతుంది కనుక దానిని ముందే ఇసుకతో కలిపి కరిగించి, గాజు చేసి, పొడి కొట్టి అమ్ముతారు. అది కొని వాడుకోవాలి. దానికి సుమారు వెయ్యి డిగ్రీలు, ఆ పైన నిలకడగా కావాలి. పిడకలు, చొప్ప, కట్టెలు పేర్చి కాల్చే మన ఆవంలో వేడి ఏడెనిమిది వందల దగ్గర ఎక్కువ తక్కువలుగా ఊగుతుంది, ఒక పక్క ఒకలా, మరో పక్క మరోలా. కనుక గోడలు కట్టిన భట్టీ కావాలి. జిరాక్సు కాగితం ఆ ఖర్చు తప్పిస్తానని ఆశ పెట్టింది.

మొన్న వెళ్లినప్పుడు కొడుకు ఆ పుస్తకంలో భట్టీల పుట తెరిచి పెట్టుకుని, పక్కన పాత క్యాలెండరు వెనుక లెక్క వేస్తున్నాడు. అగ్గికి ఆగే ఇటుకలు ఎన్ని పడతాయి, ఒక్కొక్కటి ఎంత, లారీ కిరాయి ఎంత అని. పెద్దాయన పక్కన కూర్చుని, పొగ గొట్టం పడమర వైపు పెడితే ఇంట్లోకే పొగ వస్తదని చెబుతున్నాడు. అది పుస్తకంలో లేదు.